మనవరాలికి వద్దన్న మందు

నేను డాక్టరును కాను. బేతంచెర్లలో ముప్పై ఏళ్లుగా జనం నన్ను "డాక్టరప్పా" అని పిలుస్తుంటే, ఒక్కరోజైనా ఈ మాట చెప్పి వాళ్లను సరిదిద్దలేదు. పదో తరగతి అయ్యాక నంద్యాలలో ఒక డాక్టరుగారి దగ్గర ఆరేళ్లు కాంపౌండరుగా చేశాను. సూది వేయడం, సెలైన్ పెట్టడం, గాయాలకు కుట్లు వేయడం అక్కడ చూసి నేర్చుకున్నవే. తర్వాత ఊరికొచ్చి, రైల్వే స్టేషను దారిలో ఒక గది తీసుకుని, బల్ల, తెర, స్టెతస్కోపు పెట్టుకున్నాను. మావంటి వాళ్లను ఆర్‌ఎంపీ అంటారు. జ్వరానికో విరేచనాలకో మందిచ్చి, ముదిరితే పెద్దాసుపత్రికి పంపించడం మా పని. నేను పంపించింది తక్కువ. ఎంత ముదిరినా నేనే చూసుకుంటానన్న పొగరు ఎక్కువ.

మా ఊరి బతుకంతా నాపరాయి మీదే. గనుల్లో బండలు తీసేవాళ్లు, వాటిని లారీలకెత్తేవాళ్లు, పాలిష్ మిషన్ల దగ్గర పొద్దంతా నీళ్లలో నిలబడేవాళ్లు. వాళ్ల నడుములు, మోకాళ్లు ఎట్లుంటాయో వేరే చెప్పాలా? పనికి పోయే ముందు నా గది బయట వరసగా కూర్చునేవాళ్లు. నొప్పి సూదిలో స్టెరాయిడ్ కలిపి వేసేవాణ్ణి. గంటలో నొప్పి పోయేది. అంతేనా, ఆకలి పుట్టేది, ఒంట్లో హుషారు వచ్చేది. "డాక్టరప్ప హస్తవాసి మంచిదిరా" అనేవాళ్లు. నా హస్తవాసి కాదు, అది స్టెరాయిడ్ పని అని నాకు తెలుసు. ఏం మందప్పా అని ఎవరైనా అడిగితే, "బలానికి" అనేవాణ్ణి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా మనవరాలు పుట్టిన మర్నాడు కర్నూలు ఆస్పత్రిలో డాక్టరమ్మ అదే జాతి మందు పాపకు వేస్తామన్నప్పుడు, వద్దని గొంతు చించుకున్నవాణ్ణి నేనే.

మాకు ఒక్కతే కూతురు. కడప జిల్లాలో, గండికోటకు పోయే దారిలో ఉన్న ఒక పల్లెకు ఇచ్చాం. అల్లుడు పులివెందుల వైపు ఒక గనిలో పని చేస్తాడు. నెమ్మదైన మనిషి. నేను దగ్గినా అందులో ఏదో వైద్యం ఉందనుకునే రకం. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి, ఎనిమిదో నెల పడ్డాక అమ్మాయిని మా ఇంటికి తెచ్చుకున్నాం. కాన్పు మాత్రం కర్నూలులో చేయించాలనుకున్నాం. నెలనెలా చూపించింది కూడా అక్కడే.

తొమ్మిదో నెలలో అమ్మాయికి నడుంనొప్పి పట్టుకుంది. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. నేను గదిలో నుంచి నొప్పి మాత్రలు తెచ్చి పొద్దునొకటి, సాయంత్రమొకటి వేసుకోమన్నాను. గనుల వాళ్లకు ఇచ్చే మాత్రలే. నా భార్యకు అది నచ్చలేదు.

"నాలుగు దినాలైతే కర్నూలుకు పోతాం గదా. ఆడ కాన్పులు చేసే డాక్టరమ్మనడిగి ఇయ్యగూడదా?" అంది.

నాకు సర్రున లేచింది. "ఊరంతా నా దగ్గరికొస్తాంటే, నా కూతురికి మాత్రియ్యడానికి నేను పోయి ఇంకొకరిని అడగల్లా?" అన్నాను.

ఆమె వంటింట్లోకి పోయింది. కూతురైతే అసలు అడగనే లేదు. చిన్నప్పటి నుంచీ నా చేతి మాత్ర నీళ్లు కూడా లేకుండా మింగే పిల్ల అది. రెండు వారాలు మింగింది. నొప్పి తగ్గింది. "చూసినావా?" అని నా భార్య వైపు చూసి మీసం మీద చెయ్యేసుకున్నాను. ఆ మాత్రలు చివరి నెలల్లో ఇవ్వకూడదని నాకు తెలుసా అంటే, నంద్యాలలో డాక్టరుగారు ఎప్పుడో అనడం చెవిన పడింది. ఎందుకు కూడదో అడగలేదు. అడిగే అలవాటు నాకు లేదు.

కాన్పు సుఖంగానే అయింది. పొద్దున ఎనిమిదికి ఆడపిల్ల. నెలలు నిండిన పిల్ల, మూడు కేజీలకు కొంచెం తక్కువ. పుట్టగానే ఏడ్చింది కూడా. మేం మిఠాయిలు పంచుతుండగానే నర్సు వచ్చి, పాప పెదాలు నీలంగా అవుతున్నాయి, పైఅంతస్తులో పసిపిల్లల వార్డుకు తీసుకుపోతున్నాం అంది. మధ్యాహ్నానికల్లా పాప నోట్లో గొట్టం, మిషన్ మీద ఊపిరి.

ఆ వార్డు డాక్టరమ్మ నా కూతురికంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. మమ్మల్ని కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు ఊపిరితిత్తులతో పని లేదు, రక్తం వాటిని తప్పించుకుని వేరే దారిలో పోతుంటుంది. పుట్టి ఏడవగానే ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు తెరుచుకోవాలి. ఈ పాపకు తెరుచుకోలేదు. ఊపిరితిత్తుల్లో బీపీ బాగా ఎక్కువగా ఉంది, అందుకని రక్తం అక్కడికి పోకుండా పాతదారినే పోతోంది. ఒంటికి ఆక్సిజన్ చాలడం లేదు. నాళాలు తెరుచుకోవడానికి ఊపిరితో పాటు ఒక గ్యాసు ఇస్తున్నాం, మందులు ఇస్తున్నాం, రెండు మూడు రోజులు గండం అంది.

అల్లుడు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వింటున్నాడు. నేను మాత్రం, "నీకెంత సర్వీసు ఉండాదమ్మా?" అని అడిగాను. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు చచ్చిపోతుంది. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. ఎన్నేళ్లో చెప్పి, తన ప్రశ్నలు తను అడిగింది.

"అమ్మాయి చివరి నెలల్లో నొప్పి మాత్రలు ఏమన్నా మింగిందా?"

అల్లుడు నా వైపు తిరిగాడు. అతనికేం తెలుసు పాపం, అమ్మాయి మా ఇంట్లో ఉంది. నంద్యాలలో చెవిన పడిన మాట అప్పుడు పూర్తిగా గుర్తొచ్చింది.

"అట్లాంటివేం లేవమ్మా. నేనూ మెడికల్ లైన్లోనే ఉండా. మా ఇంట్లో అట్లాంటివి జరగవు," అన్నాను. అంతటితో ఆగానా? లేదు. "మా అల్లుడు గనిలో పని చేస్తాడు. ఆ దుమ్ము, ఆ మట్టి ఇంటికొస్తాదేమో, అది చూడండి," అన్నాను.

డాక్టరమ్మ దానికీ దీనికీ సంబంధం లేదని తల అడ్డంగా ఊపింది. అల్లుడు మాత్రం తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. ఆ సాయంత్రం ఆస్పత్రి కొళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ కనిపించాడు. నేను పక్క నుంచే నడుచుకుంటూ పోయాను.

మర్నాడు పది గంటలకు మళ్లీ పిలిచారు. గ్యాసు ఇస్తున్నా పాప నిలదొక్కుకోవడం లేదట. ఊపిరితిత్తుల్లో బీపీ తగ్గడం లేదు, ఒంటి బీపీ మాత్రం పడిపోతోంది. "హైడ్రోకార్టిసోన్ మొదలుపెడదామనుకుంటున్నాం," అంది డాక్టరమ్మ. "అది ఒంటి బీపీని నిలబెడుతుంది, ఆ గ్యాసు కూడా బాగా పనిచేసేలా చేయొచ్చు. పిల్లలందరికీ ఇవ్వం. తక్కిన మందులతో లొంగని పిల్లలకు ఇస్తాం. గ్యారంటీ చెప్పలేను, కానీ ఈ పాపకు ఇవ్వడమే మంచిదనుకుంటున్నా."

"హైడ్రోకార్టిసోనంటే స్టెరాయిడ్ గదా?" అన్నాను.

"అవునండి."

నేను లేచి నిలబడ్డాను. "పుట్టి రెండు దినాలు గాలే, దానికి స్టెరాయిడ్ ఏస్తారా? ముప్పై ఏండ్ల నుంచి చూస్తాండా ఆ మందును. ఎముకలు గుల్లయితాయి. షుగరొస్తాది. మొగం ఊదుకుంటాది. ఒక తూరి అలవాటైతే వదిలేది కాదు. మా సంతకం లేకుండా ఏసినారంటే ఊరుకునేది లేదు, చెప్తాండా!"

బయట కూర్చున్నవాళ్లంతా తొంగి చూశారు. నిజం చెప్పాలి కదా, ఆ నిమిషంలో నాకు లోపల భలే గొప్పగా అనిపించింది. తెలివిగలవాడు ఒకడున్నాడు ఈ ఇంట్లో అని అందరూ అనుకుంటున్నారనుకున్నాను. అల్లుడి చేతిలో పెన్ను ఉంది. "ఏం జేద్దాం మామా?" అన్నాడు. "వద్దప్పా," అన్నాను. పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"సరే. ఆలోచించుకోండి. కానీ ఎక్కువ టైం లేదు," అని డాక్టరమ్మ లోపలికి పోయింది.

నా వాదనలో ఒక్క అబద్ధమూ లేదు. ఎముకలు గుల్లకావడం, షుగరు, ఊదిన ముఖాలు, అన్నీ నేను కళ్లారా చూసినవే. ఎక్కడ చూశాను? నా గదిలో. ఎవరు చేశారు? నేను.

పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆడమనిషి ఒకామె ఉండేది. మోకాళ్ల నొప్పులకు వారం వారం వచ్చి సూది వేయించుకునేది, మూడేళ్ల పాటు. ఆమె ముఖం గుండ్రంగా ఊదింది, చర్మం కాగితంలా పలచబడింది, చిన్న దెబ్బ తగిలినా నల్లగా కమిలేది. "ఒళ్లు చేసినావులే, మంచిదే," అన్నాను. ఒకసారి ఆమె కడపలో ఉండే కూతురి ఇంటికి పోయి నెల రోజులుంది. అక్కడ సూది లేదు. పదో రోజుకే వాంతులు, నీరసం, కళ్లు తిరిగి పడిపోయింది. అక్కడి డాక్టరు ఏం మందులు వాడుతున్నావని అడిగితే, "మా డాక్టరప్ప బలానికి ఏస్తాడు," అని చెప్పిందట. ఇన్నాళ్లు వాడించిన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపకూడదు, నెమ్మదిగా తగ్గించుకుంటూ రావాలి, లేకపోతే ప్రాణం మీదికొస్తుంది అని ఆయన ఒక చీటీ రాసి నాకిమ్మని పంపాడు. ఆమె తిరిగొచ్చి, రెండు చేతులతో ఆ చీటీ నాకిచ్చింది. నేను చదివి, చించి, బల్ల కింద పడేశాను. "వాళ్లకేం తెలుసు," అన్నాను. ఆ దినం కూడా ఆమె సూది వేయించుకునే పోయింది.

పసిపిల్లల వార్డు అద్దంలోంచి పాపను చూడొచ్చు. కళ్లకు చిన్న పట్టీ కట్టారు. చప్పుడైనా, ఎవరైనా తాకినా అంకెలు పడిపోతాయని నర్సులు పిల్లిలా నడుస్తున్నారు. పాప తలపక్క టీవీలో ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించే ఒక అంకె. అది తొంభై దాటితే మంచిదని పొద్దున చెప్పారు. పన్నెండుకు ఎనభై. రెండుకు డెబ్భై ఆరు. అల్లుడు ఆ అంకెనే చూస్తూ నిలబడ్డాడు. కాసేపు అంకె, కాసేపు నా ముఖం. నేను మటుకు ఆ వైపు చూడకుండా ఫోను తిప్పుతూ కూర్చున్నాను.

మూడు గంటలకు డాక్టరమ్మ తనే బయటికొచ్చింది. ఈసారి అల్లుడితో కాదు, నా పక్కన కుర్చీలో కూర్చుని నాతో మాట్లాడింది.

"మీరు మెడికల్ లైన్ అన్నారు కదా. స్టెరాయిడ్ వాడినారా ఎవరికైనా?"

"వాడినా."

"ఏం డోసు ఇచ్చేవాళ్లు?"

డోసా? సీసా మూత తీసి, ఉన్నంతా గుంజి, వేయడమే. బక్కవాడైనా లావుపాటోడైనా అంతే. "ఒక సీసా," అన్నాను.

ఆమె ముఖంలో ఏదో మారింది. అప్పటిదాకా ముసలాయన భయపడుతున్నాడనుకున్నట్టుంది. అప్పుడు నేనెవరో అర్థమైంది. అయినా గొంతు పెంచలేదు. "చూడండి, ఈ పాపకు మేం అన్ని రోజులూ కలిపి ఇచ్చేది కూడా మీరు ఒక్కసారికి వేసే సీసా అంత ఉండదు. బరువు చూసి, గంటలు చూసి, బీపీ చూసుకుంటూ ఇస్తాం. కోలుకోగానే తగ్గించుకుంటూ వచ్చి ఆపేస్తాం. షుగరు చూస్తాం, ఇన్ఫెక్షన్ రాకుండా చూస్తాం. మీరు చూసింది మందు కాదు," అంది. మిగతా సగం చెప్పకుండా ఆపింది. నా ఎదురుగా ఇంకెవరైనా ఉండి ఉంటే వాళ్లు చెప్పేవాళ్లేమో.

అంత విన్నాక కూడా "సరే" అనే మాట నా నోట్లోంచి రాలేదు. పొద్దున పదిమందిలో వద్దన్నవాణ్ణి, మూడింటికి అదే పదిమందిలో సరే అనాలి. డెబ్భై నాలుగు చూపిస్తోంది ఆ అంకె. నా మనవరాలి ఊపిరికీ ఆ మందుకీ మధ్య నా పరువు అడ్డం పడుకుని ఉంది. ఇంతకంటే సిగ్గుమాలిన మనిషిని ఎవరైనా చూశారా?

అల్లుడు మెట్లు దిగి, కింద వార్డులో ఉన్న నా కూతురి దగ్గరికి పోయాడు. పది నిమిషాలకు ఇద్దరూ వచ్చారు. కాన్పయి రోజున్నర కూడా కాలేదు, గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ ఎక్కి వచ్చింది. నా ముందు నుంచే నడిచి, అద్దం దగ్గరికి పోయి బిడ్డను చూసింది. తర్వాత మొగుడితో అంది.

"మా నాయన్ని అడగొద్దు. సంతకం పెట్టు."

నా పక్కనే నిలబడి అంది. అల్లుడు పెట్టాడు. ఐదు గంటలు పోయాయి ఆ సంతకానికి.

మందు మొదలుపెట్టాక, చీకటి పడేలోపే ఒంటి బీపీ కొంచెం నిలబడిందన్నారు. మర్నాడు పొద్దున ఆ అంకె ఎనభై తొమ్మిది. ఆ మరుసటి రోజు తొంభై మూడు, గ్యాసు తగ్గించడం మొదలుపెట్టారు. ఆ మందు ఒక్కటే చేసిందో, అన్నీ కలిసి చేశాయో డాక్టరమ్మ కూడా గట్టిగా చెప్పలేదు. నేను పోగొట్టిన ఐదు గంటల వల్ల ఏమైనా నష్టం జరిగిందా అని మాత్రం నేను అడగలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు.

ఐదో రోజు గొట్టం తీసేశారు. పాప గొంతు బొంగురుగా, పీలగా వచ్చింది. మేమంతా కూతురి మంచం చుట్టూ ఉన్నాం, నేను, నా భార్య, అల్లుడు, వాళ్ల ఊరి నుంచి వచ్చిన వియ్యపురాలు. డాక్టరమ్మ నవ్వుతూ వచ్చింది. పాప గండం గడిచిందని చెప్పి, ఫైలు తెరిచి, కూతురినే నేరుగా అడిగింది.

"గుండె స్కానింగులో ఒకటి చూశాం. అందుకే మళ్లీ అడుగుతాండా. చివరి నెలలో నొప్పి మాత్రలు ఏమన్నా మింగినావా? నిజం చెప్పమ్మా, ముందు ముందు పాపకు అవసరం."

కూతురు నా వైపు చూడలేదు. దుప్పటి అంచు మడుస్తూ, "మింగినా మేడమ్," అంది.

"ఎవరు రాసిచ్చినారు?"

"ఎవురూ రాసియ్యలేదు. నడుమునొప్పి తట్టుకోలేక నేనే మెడికల్ షాపులో తెప్పిచ్చుకున్నా."

డాక్టరమ్మ నవ్వు పోయింది. "ఏంటమ్మా, చదువుకున్నదానివి! బిడ్డ కడుపులో ఉన్నప్పుడు గుండె పక్కన ఒక దారి తెరిచి ఉండాలి. ఆ మాత్రలతో అది ముందే మూసుకుపోతుంది. అట్లయితే ఊపిరితిత్తుల్లో బీపీ పెరుగుతుంది. దీనికంతా అదే కారణమని ఖాయంగా చెప్పను, కానీ అయ్యుండొచ్చు. ఎవరినీ అడక్కుండా అట్ల ఎట్ల మింగినావు?" అని గట్టిగానే కోప్పడింది. కూతురు తల వంచుకుని, "తెలీలేదు మేడమ్," అంది. డాక్టరమ్మ ఫైల్లో రాసుకుంది.

నేను అక్కడే ఉన్నాను. మంచం కాళ్ల వైపు, రెండడుగుల దూరంలో. నోరు తెరిచి "నేనిచ్చినానమ్మా" అంటే అయిపోయేది. మూడు మాటలు కూడా లేవు. నా భార్య నన్ను చూస్తోంది. ఆమె చూపు నా చెంప మీద కాలుతోంది. వియ్యపురాలు కోడలిని చూస్తోంది. నేను గోడ మీద టీకాల పట్టిక చదువుతున్నట్టు నిలబడ్డాను. పోలియో, కామెర్లు, కోరింతదగ్గు, అన్నీ పైనుంచి కిందికి, కింది నుంచి పైకి రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు ఎంతమందికి ఎన్ని మాటలు చెప్పాను! ఆ రోజు ఒక్క మాట రాలేదు.

ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు పాపకు ఆ మందు తగ్గించి తగ్గించి పూర్తిగా ఆపేశారు. బాలింతను మూడో నెల దాకా పుట్టింట్లో ఉంచుకోవాలని మా ఇంట్లో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఉయ్యాలకు తాడు కూడా కట్టాను. కూతురు, "మా అత్తగారింటికే పోతా," అంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత నేను గది మూసేశానని రాస్తే బాగుంటుంది. మూయలేదు. ఇంకో రెండు నెలలు సూదులు వేశాను. చెయ్యి అలవాటు పడింది, జనం అలవాటు పడ్డారు. ఒక పొద్దున, చీటీ తెచ్చిన ఆ ఆడమనిషి వచ్చి బల్ల మీద కూర్చుని చెయ్యి చాపింది. ఆ చెయ్యంతా కమిలిన మచ్చలే, సూది పక్కన పెట్టేశాను. "అక్కా, ఈ సూది ఇంక నేను ఎయ్యను. పెద్దాసుపత్రికి పోదాం పా, నేనే తోడొస్తా. ఉన్నట్టుండి ఆపకూడదు," అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఇన్నేండ్లు లేంది ఇప్పుడేమొచ్చెనప్పా నీకు?" అంది. ఏమొచ్చిందో చెప్పలేదు. తీసుకుపోయి చూపించాను. అక్కడా ఈ సూది ఎవరు వేశారని అడిగితే, ఆమె నా వైపు చూసింది, నేను బయటికొచ్చేశాను. ఆ వారమే గదికి తాళం వేశాను. నాకు కళ్లు సరిగా కనబడటం లేదని జనానికి చెప్పాను.

పాపకు నాలుగో నెలలో కూతురి ఊరికి పోయాం, నేనూ నా భార్యా. పాప బాగుంది. బుగ్గలొచ్చాయి. కర్నూలులో గుండె స్కానింగు మళ్లీ తీసి, బీపీ మామూలుగా ఉందన్నారట. వసారాలో కూర్చుని కాఫీ తాగుతున్నాం. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు పాపను చూడటానికి వచ్చారు. పాప ఎందుకో తుమ్మింది. అంతే, వియ్యపురాలు గబుక్కున పాపను అందుకుని, "రోంత జాగర్త తల్లీ. నీ చేతులారా బిడ్డను ఒక తూరి చంపుకోబోతివి," అంది కోడలితో. చెడ్డ మనిషి కాదు ఆమె. రోజూ అనే మాట అన్నట్టు మామూలుగా అంది. పక్కింటి వాళ్లు అయ్యో అన్నట్టు తలలాడించారు. వాళ్లకు కూడా తెలుసన్నమాట. ఆ వీధంతా తెలుసన్నమాట. నా కూతురు గ్లాసులు తీస్తోంది.

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను. "అది కాదు చెల్లెలా. ఆ మాత్రలు అమ్మాయి తెచ్చుకోలేదు. నేనిచ్చినా. వద్దంటున్నా వినకుండా నేనే ఇచ్చినా," అన్నాను.

వియ్యపురాలు, "ఏందన్నా నువ్వు చెప్పేది?" అంది. అల్లుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నన్ను చూడలేదు, పెళ్లాన్ని చూశాడు, చాలాసేపు. నాకు గుండె మీద బరువు దిగినట్టు అనిపించింది. కళ్లనీళ్లు కూడా వచ్చాయి. నన్ను చూసి నాకే జాలేసింది. అదీ నా బతుకు!

కూతురు గ్లాసులు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "ఎవురికోసరం చెప్తాండావు నాయనా ఇప్పుడు?" అంది.

"నీకోసరమే తల్లీ."

"నాకోసరమైతే ఈడ చెప్తే ఏమొస్తాది? పాప కాయితాల్లో వాళ్లమ్మే మింగిందని రాసుండాది. పాప పెద్దయినాక అదే చదువుకుంటాది. ఆ డాక్టరమ్మ దగ్గరికి పోయి చెప్పు. మార్పిచ్చి, ఆ కాయితం తెచ్చియ్యి. అంత వరకూ ఈ ఇంటికి రావొద్దు," అంది. కోప్పడలేదు. లోపలికి పోయి గ్లాసులు కడిగింది.

పాపకు ఇప్పుడు ఏడాది దాటింది. నడుస్తోందట. నా భార్య పోయి చూసి వస్తుంది, వచ్చి నాకేమీ చెప్పదు. ఆమె ఫోనులో పాప ఫోటో ఒకటి ఉంది, అది నా ఫోనులోకి పంపమని అడగలేకపోయాను.

కర్నూలుకు మూడుసార్లు పోయాను. మొదటిసారి బస్టాండులో దిగి, అక్కడే రెండు గంటలు కూర్చుని తిరిగొచ్చాను. రెండోసారి ఆస్పత్రి ఎదురుగా టీ తాగాను. మూడోసారి లోపలికి పోయి వరసలో నిలబడ్డాను. నా ముందు నలుగురున్నారు, తర్వాత ఇద్దరున్నారు, తర్వాత ఎవరూ లేరు. కౌంటరులో కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండానే, "పేరు చెప్పండి," అంది. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఇంటికొచ్చి ఇదంతా రాశాను. మాత్రలు, సూదులు, ఆ ఐదు గంటలు, దేన్నీ దాచలేదు. ఇంత నిజం ఎట్లా రాయగలిగావు అని ఎవరైనా మెచ్చుకుంటారేమో, అందుకే చెబుతున్నాను. మొదటి నుంచి చివరి దాకా వెతికి చూడండి, ఇందులో నా పేరు ఎక్కడా లేదు.